ఫాదర్ వెళ్లిపోయినా నిలిచిన సంఘం

బెల్జియం దేశపు జెస్యూట్ ఫాదర్ లీవెన్స్ 1885లో ఛోటానాగపూర్‌లోని తోర్పా చేరాడు. అప్పటికి అక్కడి ముండాల బాధంతా భూమి గురించే. జమీందార్లు శిస్తు పెంచేవారు, వెట్టి చేయించేవారు. కోర్టు వ్యవహారాల్లో లీవెన్స్ వాళ్లకు తోడు నిలిచాడు. అయితే ఒక్క ఫాదర్ ఎన్ని ఊళ్లు తిరగగలడు? ఊళ్లలో ప్రార్థన నడిపిందీ, పిల్లలకు జపాలు నేర్పిందీ ఉపదేశులు. వాళ్లూ ముండా, ఉరావ్ రైతులే. ఫాదర్ల పేర్లు మనకు తెలుసు, వీళ్లవి వెతుక్కోవాలి.

1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టం వచ్చింది. దాని రూపకల్పనలో ఫాదర్ హాఫ్‌మన్ సాయపడ్డాడు. మన 1/70 లాగే అది ఆదివాసీ భూమి చేతులు మారకుండా అడ్డుకట్ట వేసింది. కానీ విత్తనాలకు అప్పు కావాలంటే మళ్లీ షావుకారు గడపే కదా! అందుకే 1909లో హాఫ్‌మన్ కాథలిక్ సహకార పరపతి సంఘం పెట్టించాడు. ఇలాంటి సంఘానికి ప్రాణం ఊరివాళ్లే. ఎవరికి నిజంగా అవసరం, ఎవరు పంట రాగానే తీరుస్తారు అన్నది వాళ్లకే తెలుస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, హాఫ్‌మన్ జర్మన్ కాబట్టి ఆయన్ను దేశం నుంచి పంపేశారు. సంఘం మాత్రం మూతపడలేదు.