సమ్మతి ఎవరిది? విచిటా జ్యూరీ టేపులు (1954-56)

1954లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం విచిటా నగరంలో, కొన్ని సివిల్ కేసుల తీర్పుల కోసం ఫెడరల్ న్యాయస్థానపు జ్యూరీ సభ్యులు తలుపులు మూసుకొని జరిపిన చర్చలను షికాగో విశ్వవిద్యాలయ న్యాయ విభాగ పరిశోధకులు రహస్యంగా రికార్డు చేశారు. ఫోర్డ్ ఫౌండేషన్ నిధులతో సాగిన జ్యూరీ అధ్యయనంలో ఇది ఒక చిన్న భాగం.

ఈ పని దొంగచాటుగా జరిగిందనడం సగమే నిజం. న్యాయమూర్తి అనుమతించారు. ఇరుపక్షాల న్యాయవాదులూ అంగీకరించారు. కేసు పూర్తిగా ముగిసేదాకా టేపులను వినరాదనీ, వ్యక్తులను గుర్తుపట్టే వివరాలు మార్చాలనీ షరతులు పెట్టుకున్నారు. ఆ కాలానికి ఇవి తక్కువ జాగ్రత్తలేమీ కావు. అడగనిది మాట్లాడినవారిని మాత్రమే.

రికార్డవుతోందని తెలిస్తే మాట మారిపోతుందన్నది పరిశోధకుల సమర్థన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మాండలిక సేకరణకు వెళ్ళినవారందరికీ ఇది అనుభవమే: యంత్రం కనబడగానే ఇంటి మాట పోయి బడి మాట వస్తుంది. విలియం లబోవ్ తరువాతి కాలంలో దీన్నే ‘పరిశీలకుని విరోధాభాస’గా చర్చించాడు. అయితే తెలిస్తే ఆ మాటలు మాట్లాడరని ముందే ఊహించిన పరిశోధకుడు, తెలియక మాట్లాడిన మాటలకు సమ్మతి ఉన్నట్లు భావించే అవకాశాన్ని తానే పోగొట్టుకుంటున్నాడు. పేర్లు తొలగించడం ఈ లోపాన్ని పూడ్చదు; అది గోప్యతకు చెందిన జాగ్రత్త, సమ్మతి వేరు.

1955 వేసవిలో ఒక న్యాయ సమావేశంలో ఒక టేపును సంకలనం చేసి వినిపించారు. విషయం పత్రికలకెక్కింది. అక్టోబరులో సెనేట్ అంతర్గత భద్రతా ఉపసంఘం విచారణ జరిపింది. కమ్యూనిస్టుల ఏరివేతకు పేరుపడ్డ ఆ ఉపసంఘం ప్రశ్నలు పరిశోధకుల రాజకీయాభిప్రాయాల వైపు కూడా మళ్ళాయి. జ్యూరీ వ్యవస్థ పవిత్రతకు భంగం కలిగిందన్న ఆందోళనే అంతటా వినిపించింది. తమ మాటలు తమకు తెలియకుండా నిలవ ఉన్న మనుషుల గురించిన చర్చ దాని వెనక మరుగునపడింది.

1956 నాటి చట్టంలోనూ ఇదే ధోరణి. ఫెడరల్ జ్యూరీ చర్చలను రికార్డు చేయడం నేరమైంది; వెయ్యి డాలర్ల వరకు జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. సభ్యులు సమ్మతిస్తే అన్న మినహాయింపు అందులో లేదు. అంటే చట్టం కాపాడింది గదిని.

హారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 1966లో ప్రకటించిన ‘ది అమెరికన్ జ్యూరీ’ మరో దారి పట్టింది. 3,576 క్రిమినల్ విచారణలలో జ్యూరీ తీర్పును, అదే కేసులో తాము ఇచ్చి ఉండే తీర్పును తెలపమని ప్రశ్నావళి పంపారు. అది వెళ్ళింది న్యాయమూర్తులకు.