మాంగో ఇండ్లలోని ఛాయాచిత్రములు

సువర్ణరేఖకు ఒక గట్టున జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారము, మరియొక గట్టున మాంగో. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపితమైనది. 1912లో సాక్చిలో తొలి ఉక్కు తయారైనది. 1919లో జంషెడ్జీ టాటా పేర పట్టణమునకు నామకరణము జరిగినది. ఈ సంగతులు గ్రంథములకెక్కినవి. కాని శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై తరలివచ్చిన తెలుగు కుటుంబముల చరిత్ర చాలవరకు ఇంటి పెట్టెలయందే మిగిలియున్నది. కంపెనీ క్వార్టరు విడిచి మాంగోలో ఇల్లు కట్టుకొన్ననాడు ఆ పెట్టెయు వెంటవచ్చినది.

స్టూడియో తెర ముందు తీయించుకొన్న పెండ్లి చిత్రములు, చుట్టకు 12 చొప్పున ఆగ్ఫా క్లిక్ కెమెరా తీసిన చదరపు చిత్రములు, 1960లో ఉదకమండలమున ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ నెగటివులు, అట్టచట్రములలో బిగించిన రంగుల స్లయిడ్లు — ఇవియే ఆ చరిత్రకు ఆధారములు. వానకాలపు తేమకు వీనికి బూజు పట్టును. ఏండ్లు గడచినకొలది రంగులు వెలిసిపోవును.

కావున నేటి సంతానము తలిదండ్రుల చిత్రములను స్కానరుపై నుంచి డిజిటల్ ప్రతులు చేయుట మెచ్చదగిన పని. స్లయిడులోని చిత్రము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. అంగుళమునకు 4,000 బిందువుల చొప్పున స్కాను చేసినచో రమారమి 2 కోట్ల బిందువుల చిత్రము లభించును. ముందుగా మెత్తని కుంచెతో దుమ్ము తుడువవలెను. ప్రతులను రెండు వేర్వేరు చోట్ల దాచవలెను.

అయితే యంత్రము ముఖమును చూపును గాని పేరు చెప్పజాలదు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. ప్రభువుల ముఖములను గుర్తించుటకు చరిత్రకారులుందురు. కొలిమి చెంత చెమటోడ్చిన తాతగారిని, ఆయన ప్రక్కన నిలిచిన మేనమామను గుర్తించుటకు ఇంటి పెద్దలు తప్ప వేరెవ్వరున్నారు?

మరియొక చిక్కు కలదు. చిత్రము వెనుక పేరు, ఊరు, తేది తెలుగులో వ్రాసియుండును. హిందీ, ఆంగ్లములలో చదువుకొన్న మనుమలకు ఆ వ్రాత చదువరాదు. అందుచే ముందు భాగముతోపాటు వెనుక భాగమును గూడ స్కాను చేయవలెను. తల్లినో తండ్రినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారు చెప్పిన పేరును, వరుసను, ఊరును ప్రతి చిత్రమునకు జతపరుపవలెను. చిత్రము మరి పదేండ్లు నిలిచిన నిలువవచ్చును. ఆ పేర్లు తెలిసిన వారు నిలుతురను భరోసా లేదు.