సత్తుపల్లి బాండీలో చైనా ఎంత?

సాయంత్రం ఏడు దాటిందంటే సత్తుపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక చప్పుడు మొదలవుతుంది. బాండీ అంచుకి గరిటె టకటకా తగిలే చప్పుడు. రాజమండ్రి బస్సు హారన్లూ, బొగ్గు టిప్పర్ల రొదా ఎంత ఉన్నా అది విడిగా వినపడుతుంది. ఐదు నెలల క్రితం డాక్టరుగారు నన్ను తూకం మీద నిలబెట్టినప్పటి నుంచీ నా చెవికి మరీ గట్టిగా వినపడుతోంది.

ఆ రోజు నా బరువు 86 కిలోలు. నడుం కొలత 102 సెంటీమీటర్లు. మన దేశపు లెక్కలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటితే పొట్ట దగ్గర కొవ్వు చేరినట్టే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 39.5 శాతం మంది పొట్ట కథ ఇదే. నేను ఒంటరివాణ్ణి కాదన్న ధైర్యం తప్ప ఆ అంకెతో నాకు ఒరిగిందేమీ లేదు. "బయటి తిండి ఆపండి. ముఖ్యంగా ఆ చైనా తిండి" అన్నారు డాక్టరుగారు.

చైనా తిండి! మా ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు. ఇక్కడ దాని పేరు ఫాస్ట్ ఫుడ్. ఇంకా ముద్దుగా, రైస్. "అన్నా, రెండు ఎగ్ రైస్ పార్సిల్. ఒకదాంట్లో కారం తక్కువెయ్యి." అంతే. బండి ముందు నిలబడే వాళ్లలో సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లుంటారు, ట్యూషన్ వదిలిన పిల్లలుంటారు, వేంసూరు, పెనుబల్లి వైపు ఆఖరి ఆటో కోసం చూసేవాళ్లుంటారు. వీళ్లలో ఏ ఒక్కరికీ తాము పరదేశపు భోజనం చేస్తున్నామన్న ధ్యాస ఉండదు.

మానెయ్యమన్నది ఏమిటో ముందు చూద్దామని ఒక శనివారం బండి పక్కనే స్టూలు వేసుకుని కూచున్నాను. మాస్టరు పొయ్యి తిప్పగానే మంట బాండీ చుట్టూ పైకి లేచింది. గరిటెన్నర నూనె పడింది. రెండు గుడ్లు కొట్టి చెదరగొట్టాడు. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారట్ ఒక గుప్పెడు. మధ్యాహ్నం వండి పళ్లెంలో ఆరబెట్టిన అన్నం. ఉప్పు, కారం, మిరియాల పొడి, గరం మసాలా, వేలికొసతో తీసిన టేస్టింగ్ సాల్ట్. మూతకి చిల్లి పొడిచిన సీసాలోంచి సోయా సాస్, ఇంకో సీసాలోంచి వెనిగర్. నాలుగుసార్లు ఎగరేసి, కొత్తిమీర చల్లి, సిల్వర్ కవర్లోకి తోసి రబ్బరు బ్యాండు వేశాడు. ఉల్లిముక్కలు, నిమ్మచెక్క వేరే చిన్న కవర్లో. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇందులో చైనా ఎంత? డాక్టరుగారి మాట నిజమైతే నా పొట్టలో చైనా వాటా ఎంతో తేలాలి కదా.

చైనా సరుకు మనకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల పట్టీ ఉంది. అందులో చైనా కర్పూరం ఉంది, పట్టు ఉంది. చీనాంబరం అన్న మాట మన కావ్యాల్లో ఎంత పాతదో పండితులు చెబుతారు. రాయలసీమలో బత్తాయిని ఇప్పటికీ చీనీకాయ అనే అంటారు. ఓడల మీద ఇన్ని వచ్చాయి గానీ వంట మాత్రం రాలేదు. అది రావడానికి ఇంకో ఐదారు వందల ఏళ్లు పట్టింది. వచ్చింది కూడా మన రేవుల్లోంచి కాదు, కలకత్తా మీదుగా.

వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో, 1780కి అటూ ఇటూగా, టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి హుగ్లీ ఒడ్డున భూమి తీసుకుని చక్కెర మిల్లు పెట్టాడు. పనివాళ్లని చైనా నుంచి తెప్పించుకున్నాడు. అతని పేరు మీదే ఆ ఊరు అచీపూర్ అయింది. అతను పోయాక పనివాళ్లు కలకత్తా చేరారు. తర్వాత హక్కా జనం వచ్చి టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ పెట్టుకున్నారు. వాళ్ల వంటలో బెంగాలీ నాలుకకి తగ్గట్టు పచ్చిమిర్చి, వెల్లుల్లి పెరిగాయి. చైనాతో 1962 యుద్ధం వాళ్ల నెత్తిన పడింది. చైనా సంతతి అన్న ఒక్క కారణానికి సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపుకి తరలించారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండి తిరిగొచ్చేసరికి ఇల్లూ దుకాణం వేలంలో పోయాయి. చాలామంది దేశమే వదిలి కెనడా దారి పట్టారు. మనుషుల్ని అనుమానించి, వాళ్ల వంటని మాత్రం ప్రతి వీధి మలుపులోనూ పెట్టుకున్నాం. రైస్ పార్సిల్ విప్పినప్పుడల్లా కాకపోయినా అప్పుడప్పుడైనా ఇది గుర్తొస్తుంది నాకు.

మంచూరియా కథ అందరికీ తెలిసిందే అయినా చెప్పకుండా ఉండలేను. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వంట చేస్తుండగా, 1975లో ఎవరో కొత్తగా ఏదైనా పెట్టమన్నారట. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన కూరకి వేసినట్టే వేసి, గరం మసాలా వెయ్యాల్సిన చోట సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి, వేయించిన కోడిముక్కలు అందులో వేశాడు. మంచూరియా చైనాలో ఈశాన్యాన ఉన్న ప్రాంతం. అక్కడ ఈ కూర లేదు. శాకాహారుల కోసం కోడి స్థానంలో కాలీఫ్లవర్ చేరాక అది ఊరూరా పాకింది. ఎర్రగా కనపడాలని రంగులు కలపడం ఎంత దూరం పోయిందంటే, 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది.

కారం సంగతి మరీ విచిత్రం. షెజ్వాన్ అని బోర్డు మీద రాసేది చైనాలోని సిచువాన్ రాష్ట్రం పేరే. అక్కడి వంటకి ప్రాణం నాలుక తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం. మన షెజ్వాన్ సాస్‌లో అది మచ్చుకైనా ఉండదు, ఉన్నదంతా ఎండుమిర్చి, వెల్లుల్లి. ఆ మాటకొస్తే మిరప చైనాదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల పుణ్యాన ఆసియాకి వచ్చింది. ఇప్పుడు ఖమ్మం మిర్చి యార్డులో తేజ రకం ధర పలకాలంటే చైనా ఆర్డర్లు రావాలి. అక్కడ కొనుగోలు తగ్గిందంటే ఇక్కడ రైతు మొహం వాడిపోతుంది. ఖమ్మం కారం అక్కడి బాండీలోకి, చైనా పేరు ఇక్కడి బాండీలోకి. మారకం బాగానే కుదిరింది.

ఇక మిగిలింది టేస్టింగ్ సాల్ట్. అందరూ అనుమానించేది దాన్నే. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు కాచిన నీళ్లకి అంత రుచి ఎక్కడిదని వెతికి, గ్లూటమేట్‌ని పట్టుకున్నాడు. మరుసటి ఏడాదే అజినొమోటో పేరుతో అది అమ్మకానికి వచ్చింది. అంటే ఇదీ చైనాది కాదు, జపానుది. 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనా హోటల్లో తింటే మెడ తిమ్మిరెక్కుతోందని వైద్య పత్రికకి ఉత్తరం రాయడంతో దానికి చెడ్డపేరు పట్టుకుంది. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో, మామూలు మోతాదులో అది అందరికీ హాని చేస్తుందని రుజువు కాలేదు. అందులో సోడియం 12 శాతం. మన ఉప్పులో 39 శాతం. అసలు లెక్క చూడాల్సింది గుప్పిట్లోంచి పడే ఉప్పునీ, దానిమీద మళ్లీ పడే సోయా సాస్‌నీ. రోజుకి 5 గ్రాముల ఉప్పు చాలని చెబుతుంటే ఒక్క పార్సిల్లోనే అందులో చాలా భాగం వచ్చేస్తుంది. మర్నాడు పొద్దున తూకం కిలో ఎక్కువ చూపించేది కూడా చాలావరకు ఆ ఉప్పు పట్టి ఉంచిన నీరే. నేను మొదటి వారం దాన్ని కొవ్వనుకుని బెంబేలెత్తిపోయాను.

మరి కొవ్వు ఎక్కడిది? ఇంటికొచ్చి, మాస్టరు దగ్గరున్న లాంటి గరిటెనే వంటింటి త్రాసు మీద పెట్టి నూనె తూచాను. గరిటెన్నరకి 40 గ్రాములు. గ్రాముకి 9 క్యాలరీల చొప్పున 360. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 క్యాలరీల భోజనానికి వేసిన నమూనా పళ్లెంలో రోజు మొత్తానికీ నూనె 27 గ్రాములే. పార్సిల్లో అన్నం తక్కువలో తక్కువ 350 గ్రాములు, అంటే 450 క్యాలరీలు. గుడ్లు 150. అన్నీ కలిపితే వెయ్యికి ఆమడ దూరంలో లేవు. సోయా సాస్ వాటా ఇందులో లెక్కకి కూడా రాదు.

నూనె, అన్నం. ఈ రెంటికీ చైనాతో పని లేదు. మా ఊరి నుంచి దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలే. గెలలు నింపిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరి ఉంటాయి. ఆ చెట్టు పశ్చిమాఫ్రికాది. దేశంలో వాడే పామాయిల్ ఎక్కువ భాగం ఇండోనేసియా, మలేసియాల నుంచి దిగుతుంది. ఈ అడవి అంచు కోయ పల్లెల్లో వెనక వంటనూనె అంటే ఇప్పగింజల నూనె. గింజలు ఏరి, ఎండబెట్టి, దంచి తీయాలి. అంత కష్టపడి తీసిన నూనెని ఎవరూ గరిటెలతో పొయ్యరు. చేతికి సులువుగా దొరికింది కనకే గరిటె పెద్దదైంది.

అన్నం కథ ఇంకా పాతది. పోషకాహార సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు, నీలగిరుల్లోని కూనూరులో. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. అప్పట్లో ఆ జబ్బు ఎక్కువగా కనిపించిన చోటు మన సర్కారు జిల్లాలు. మిల్లులో తవుడంతా పోగా తెల్లగా మెరిసే పచ్చి బియ్యం తినడం దానికి కారణం. ఆ సంస్థే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది. అటు చూస్తే 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. ఆకలి తీర్చిన పథకం అది, వంక పెట్టను. కానీ జొన్న గటకా, సామన్నం తినే ఇళ్లలో కూడా మూడు పూటలా తెల్లన్నం పీట వేసుకుంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, సన్నన్నం రుచి నేర్పింది. బండి మాస్టరుకి కావాల్సిందీ అలా పొడిపొడిగా ఆరే సన్నబియ్యమే.

బరువు తగ్గించే ఉద్యమాలు కూడా మన తెలుగు వాళ్లు చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో ఉప్పూ నూనే లేని కూర వండుతుంటే మా ఇంట్లో ఆర్నెల్లు చప్పిడి రాజ్యం. 2017, 18ల్లో వీరమాచనేని రామకృష్ణ గారి గాలి వీచింది. అన్నం బంద్, రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు. కల్యాణ మండపాల్లో జనం విస్తట్లో ముక్కలు మాత్రం తిని లేచిపోవడం కళ్లారా చూశాను. ఆ వెనకే ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. పోడు చేలలో పండి, పేదల తిండి అనిపించుకున్న సామలు, కొర్రలు కిరాణా కొట్లో అద్దాల అరలోకి ఎక్కాయి. మూడింటిలోనూ నేను చేరాను. మూడింటిలోంచీ ఏదో ఒక శనివారం రాత్రి ఏడున్నరకి ఆ గరిటె చప్పుడే నన్ను బయటికి లాగింది.

అందుకే ఈసారి డాక్టరు మాట సగమే విన్నాను. మాస్టరుతో బేరం పెట్టుకున్నాను. వారానికి ఒక్క శనివారం. నూనె అర గరిటె. గుడ్లు రెండూ ఉండాలి. క్యాబేజీ, క్యారట్ మూడు గుప్పిళ్లు, అన్నం సగం. సోయా సాస్ వేస్తే ఉప్పు వెయ్యకూడదు. మంచూరియా వైపు చూడకూడదు, అది నూనెలో దేవి మళ్లీ సాస్‌లో ముంచేది.

"అర గరిటైతే అడుగంటుద్ది సార్" అన్నాడు.

"అంటనియ్. గీకి పెట్టు."

మొదటిసారి మొహం చిట్లించాడు. మూడోసారికి తనే ఒక కిటుకు కనిపెట్టాడు. బాండీ బాగా పొగలు కక్కేదాకా కాల్చి, అప్పుడు నూనె తిప్పి, గుడ్డు పక్కకి నెట్టి అన్నం వేశాడు. అంటలేదు. ఆ మాడు వాసన, నిజానికి నేను వెళ్లేదే దాని కోసం, మునుపటికంటే ఎక్కువే తగిలింది. "ఇది డాక్టర్ రైస్" అని పేరు పెట్టాడు. ఇప్పుడు షిఫ్ట్ దిగినవాళ్లలో ఇద్దరు అదే అడుగుతున్నారు. రేటు మాత్రం తగ్గించలేదు.

ఐదు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. బేతుపల్లి చెరువు వైపు పొద్దున్నే నడక కూడా ఉందిలెండి, ఘనతంతా బాండీకి ఇవ్వను.

పోయిన శనివారం పార్సిల్ సగం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టాం. ఆదివారం పొద్దున మా అమ్మ దాన్ని విప్పి, రెండు మెతుకులు నోట్లో వేసుకుని చూసింది.

"రాత్రి అన్నం పోపేసినట్టున్నారే. ఎవరు చేశారు?"

"బయటిదమ్మా. ఎనభై రూపాయలు."

"చద్దన్నం పోపుకా?" అని కాసేపు నావంక చూసింది. ఇంకో ముద్ద తీసుకుంది. "ఎనభై తీసుకుని జీలకర్రైనా వెయ్యలేదేం వాడు?"