డెల్ఫీ పద్ధతి

ఒక విషయం బాగా తెలిసినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టకుండా, ఎవరు ఏమన్నారో మిగతావాళ్లకు తెలియనివ్వకుండా, విడతలవారీగా ప్రశ్నాపత్రాలు పంపి వాళ్ల అభిప్రాయాలను ఒక దరికి తెచ్చే సర్వే విధానం డెల్ఫీ పద్ధతి. కొలతకు అందని, ప్రయోగం చేసి చూసే వీల్లేని ప్రశ్నలకు దీన్ని వాడతారు. ఈనాడు వైద్యంలో చికిత్సా మార్గదర్శకాలు రాసేవాళ్లు దీన్ని ఎక్కువగా ఆశ్రయిస్తున్నారు. వ్యవసాయంలో, నీటి నిర్వహణలో దీని వాడకం అంతకంటే తక్కువ.

పుట్టుక

కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఉన్న ర్యాండ్ కార్పొరేషన్‌లో 1950లలో ఇది రూపుదిద్దుకుంది. ఓలాఫ్ హెల్మర్, నార్మన్ డాల్కీ దీనికి ఆద్యులు. అమెరికా వైమానిక దళం కోసం చేసిన తొలి ప్రయోగం రహస్యం కావడంతో 1963 దాకా అచ్చులోకి రాలేదు. అమెరికా ఆయుధ ఉత్పత్తిని ఒక స్థాయికి పడగొట్టడానికి శత్రువుకు ఎన్ని అణుబాంబులు కావాలన్నది అందులోని ప్రశ్న. ఏడుగురు నిపుణుల తొలి అంచనాలు 50 నుంచి 5,000 దాకా ఉన్నాయి. అయిదు ప్రశ్నాపత్రాలు పూర్తయ్యేసరికి ఆ నూరు రెట్ల తేడా సుమారు రెండు రెట్లకు దిగింది. వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చే దారి మాత్రం, అదృష్టవశాత్తూ, లేకపోయింది.

జపాన్ 1971 నుంచి శాస్త్ర సాంకేతిక రంగాల భవిష్యత్తుపై జాతీయ స్థాయిలో డెల్ఫీ సర్వేలు జరుపుతోంది. మన దేశంలో సాంకేతిక రంగాల భవిష్యత్తును అంచనా వేయడానికి 1988లో ఏర్పడిన టైఫాక్ సంస్థ, ఏపీజే అబ్దుల్ కలాం దానికి ఛైర్మన్‌గా ఉన్నప్పుడు, 1996లో వెలువరించిన ‘టెక్నాలజీ విజన్ 2020’ పత్రాలకు ఈ తరహా ప్రశ్నావళులను వాడుకుంది.

నడిచే తీరు

మొదటి విడతలో ప్రశ్నలు మనసులో ఉన్నది స్వేచ్ఛగా రాయడానికి వీలుగా ఉంటాయి. నిర్వాహకులు జవాబులను క్రోడీకరించి రెండో విడతలో మార్కులు వేయమంటారు. ఆపైన ప్రతి అంశానికీ మధ్యగతం ఎంతో, మధ్యనున్న సగంమంది ఏ హద్దుల్లో ఉన్నారో చూపించి కాగితం తిప్పి పంపుతారు. ఆ హద్దులకు బయట ఉన్నవాళ్లు మాట మార్చుకోవచ్చు, లేదా తమ మాటమీదే ఉండి కారణం రాయవచ్చు. పేరు తీసేసిన ఆ కారణం తర్వాతి విడతలో అందరికీ చేరుతుంది. పద్ధతికి ప్రాణం ఇదే. సగటు చూసి సర్దుకోవడానికీ, ఎదుటివాడి కారణం చదివి మనసు మార్చుకోవడానికీ చాలా తేడా ఉంది. రెండు నుంచి నాలుగు విడతల్లో పని ముగుస్తుంది. ఎంతమంది ఒప్పుకుంటే ఏకాభిప్రాయం అనాలో (తరచూ 70 నుంచి 80 శాతం) ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం చూశాక గీత గీసే అధ్యయనాలకు విలువ ఉండదు.

గోదావరి డెల్టాకు అన్వయం

2011 సార్వాలో గోదావరి డెల్టాలోని కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి, సుమారు లక్ష ఎకరాల్లో నాట్లు వేయకుండా వదిలేశారు. గిట్టుబాటు ధర, కూలీల కొరత, పూడుకుపోయిన మురుగు కాలువలు అంటూ కారణాలు చాలా వినిపించాయి. రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. అది డెల్ఫీ కాదు, అందరికీ తెలిసిన విచారణ కమిటీయే. కాకపోతే డెల్ఫీకి తగిన ప్రశ్న ఎలా ఉంటుందో ఆ ఉదంతం చూపిస్తుంది. ఏ కారణం బరువు ఎంత? తుపాన్ల కాలానికి ముందే కోత పూర్తికావాలంటే ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు ఏ తేదీకి వదలాలి? దాళ్వా కోత, కాలువల మరమ్మతు, నారుమళ్ల అదను, నదిలో ఉన్న నీళ్లు అన్నీ ఆ తేదీతో ముడిపడినవే. పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టుకు ఒకే జవాబు ఉండకపోవచ్చు కూడా.

ఇలాంటి సర్వేకు మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త, జలవనరుల శాఖ ఇంజనీరు, కాలువ గట్టున తిరిగే లస్కరు, మిల్లరు, కౌలు రైతు అందరూ నిపుణులే. వీళ్లను ఒక హాల్లో కూర్చోబెడితే ఏమవుతుందో రాజమండ్రిలో కాకినాడలో సమీక్షా సమావేశాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్ద అధికారి తేదీ చెప్పాక కింది ఇంజనీరు మరో తేదీ చెప్పడు. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయకుండానే బిల్లు అయిందని లస్కరు అస్సలు నోరు విప్పడు. డెల్టాలో కౌలు చాలావరకు నోటిమాటే. ఆసామి ఎదురుగా కౌలు ధర గురించి మాట్లాడితే వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి పోవచ్చు. పేరు దాచడం శాస్త్రవేత్తకు మొహమాటం తప్పిస్తుందేమో గానీ, కౌలు రైతుకు బతుకుతెరువు కాపాడుతుంది.

పరిమితులు

హెరాల్డ్ సాక్‌మన్ 1970లలోనే ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. ఒప్పుదల వచ్చినంత మాత్రాన అది సత్యం కాదు. విడతలు పెరిగేకొద్దీ విసిగినవాళ్లు తప్పుకుంటారు, మిగిలినవాళ్లు సర్దుకుంటారు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఎంపికలో ఉంది. ఎవరిని నిపుణుడని పిలిచామో జవాబు ఆ వైపే మొగ్గుతుంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విజన్ 2020 పత్రంపై 2001లో మెదక్ జిల్లాలో జరిగిన ‘ప్రజాతీర్పు’ డెల్ఫీకి పూర్తిగా భిన్నమైన దారి తొక్కింది. ఎక్కువగా చిన్న, సన్నకారు మహిళా రైతులతో కూడిన జ్యూరీ ముఖాముఖిగా సాక్షులను విని, వీడియోల్లో చూపిన భవిష్యత్ చిత్రాలపై బహిరంగంగా తీర్పు చెప్పింది. అక్కడ ధైర్యం గుంపు నుంచి వచ్చింది. డెల్ఫీలో అది పేరు లేకపోవడం నుంచి రావాలి.

అందుకే డెల్టాలో ఈ సర్వే తలపెట్టేవారు ప్రశ్నాపత్రాన్ని రాతకే పరిమితం చేయకూడదు. చదువు రాని కౌలు రైతుకు దాన్ని చదివి వినిపించి జవాబు రాసుకోవాలి. ఆ రాసుకునే మనిషి అదే ఊరివాడు కాకూడదు.