చుక్కల భూమి: పేరు గడి ఖాళీగా ఉంటే చేను ఎవరిది?

మీకు తెలిసిన అన్నో అక్కో అమీర్‌పేటలో ఎస్ఏపీ నేర్చుకుని బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఉంటారు కదా. అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఫోన్ ఎందుకొస్తుందో వాళ్లనొకసారి అడగండి. చాలాసార్లు ప్రోగ్రామ్‌లో తప్పేమీ ఉండదు. ఎవరో ఎప్పుడో ఒక సెట్టింగ్ పెట్టి పోయుంటారు. సిస్టమ్ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. అందుకే బిల్లు తప్పొస్తుంది.

మన కడప, కర్నూలు భూమి లెక్కల్లో ఈ జబ్బు కంప్యూటర్ పుట్టకముందు నుంచే ఉంది.

1800లో నిజాం మన సీమను కంపెనీకి రాసిచ్చాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. 1802లో సర్వే మొదలుపెట్టాడు. కొలత తెలిసిన గుమాస్తాలు మొదట్లో నలుగురే దొరికారంట! 33 అడుగుల గొలుసుతో చేను చేనూ కొలిపించాడు. కొలత బాగానే ఉంది. తేడా కొట్టింది శిస్తు రేటు దగ్గర. చేను ఎంత పండుతుందో చూసి పైకి లెక్క కట్టలేదు. పాత పాలకుల కాలంలో ఎంత వసూలైందో చూసి జిల్లాకింత అని పైన ఒక మొత్తం తేల్చుకున్నారు. ఆ మొత్తాన్ని ఊళ్లకూ, చేలకూ పంచారు. పంటలో 45 శాతం దాకా సర్కారుకే పోయేది. వాన మొహం చాటేస్తే ఆ ఏడు రైతు పని అయిపోయినట్టే.

ఈ తప్పును పట్టుకున్నది కూడా మన్రోనే. 1807లో వెళ్లిపోయే ముందు, శిస్తు 25 శాతం తగ్గించాలని మద్రాసుకు రాశాడు. పైవాళ్లు వినలేదు. రైతుతో నేరుగా లెక్కే వద్దని ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చారు, ముందు మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. గుత్తదారులు చాలామంది దివాలా తీశారు. 1820లో అదే మన్రో గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది. సమస్య కాగితం మీద పెట్టిన పదమూడేళ్లకు! 1827లో ఆయన మన పత్తికొండలోనే కలరాతో పోయాడు.

రేటు సంగతి అలా సర్దుకుంది. ఇంకో తప్పు మాత్రం నిన్న మొన్నటిదాకా బతికే ఉంది.

బ్రిటిష్ వాళ్లే తర్వాత మళ్లీ సర్వే చేసి రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్ రాశారు. ఆఫీసుల్లో ఆర్ఎస్ఆర్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, శిస్తెంత, పట్టాదారు ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. ఎవరూ ముందుకొచ్చి ఇది నాదనకపోతే పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. మన సీమ సంగతి మీకు తెలిసిందేగా. కరువొస్తే చేను బీడు పెట్టి మనిషి వలస పోతాడు. సర్వే వాళ్లొచ్చిన రోజే ఊళ్లో ఉంటాడని గ్యారంటీ ఏముంది?

వందేళ్లు ఆ చుక్కలను ఎవరూ పట్టించుకోలేదు. తాతలు దున్నారు, శిస్తు కట్టారు, అమ్మారు, కొన్నారు. అప్పుడు రిజిస్ట్రేషన్ చట్టంలోకి 22-ఎ సెక్షన్ వచ్చింది, 2007లో. రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా అది. చుక్కలున్న నంబర్లు దాంట్లో, సర్కారుకు హక్కున్న భూముల కింద చేరిపోయాయి. పేరు లేదంటే యజమాని ఎవరో తెలీదనే అర్థం. దాన్ని యజమాని సర్కారే అని చదువుకున్నారు. నా లెక్కలో అసలు తప్పు ఇదే, ఖాళీ గడికి అర్థం పెట్టడం. వెబ్‌ల్యాండ్ సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు, దానికి చెప్పిందే అది చేసింది. ఇక కూతురి పెళ్లికని అరెకరం అమ్మబోయిన రైతుకు రిజిస్ట్రార్ ఆఫీసులో చేను నిషేధిత జాబితాలో ఉందన్న జవాబు ఎదురైంది.

2017లో చుక్కల భూముల చట్టం తెచ్చారు. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు చూపిస్తే కలెక్టర్ కమిటీ పరిశీలించి రికార్డు సరిచేయాలి. చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఎవరి నంబరుకు వాళ్లే అర్జీ పెట్టుకోవాలి, పాత శిస్తు రసీదులు వెతుక్కోవాలి. నియమం తప్పయితే ఒక్కో వరుస దిద్దుకుంటూ పోతే ఎప్పటికి తెమలాలి? 2023లో గానీ రాష్ట్రమంతా కలిపి 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను ఒకేసారి జాబితా నుంచి తీయలేదు.

మీ ఇంట్లో భూమి ఇప్పటికీ నిషేధిత జాబితాలో కనిపిస్తుంటే, ముందు 22-ఎలో ఏ క్లాజు కింద ఉందో కనుక్కోండి. ఏ నుంచి ఇ దాకా అయిదున్నాయి. ఎసైన్‌మెంట్ భూమి వేరు, దేవాదాయ భూమి వేరు, చుక్కల భూమి వేరు. ఆ తర్వాత తహసీల్దార్ ఆఫీసులో ఆర్ఎస్ఆర్ నకలు అడగండి. మీభూమి సైట్‌లో కనిపించే అడంగల్‌తో ఆగిపోవద్దు. ఆర్ఎస్ఆర్‌లో మీ నంబరు ఎదురుగా పేరుందో, చుక్కలున్నాయో మీ కళ్లతో చూసుకుని, అప్పుడు అర్జీ రాయండి.