కేపు ఊడదీసే పని

మా పక్కింటి పెద్దాయనకు ఎనభై రెండేళ్లు. వేట సీజన్లో ఆదివారం వచ్చిందంటే ఇంట్లో దొరకరు. మిగతా రోజుల్లో వాన పట్టిందంటే చాలు, వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, పేల్చేసిన ఇత్తడి తూటాలు కుప్పపోసుకుని కూర్చుంటారు. పోయిన నవంబరులో ఒకరోజు నన్ను పిలిచి పక్కన కుర్చీ వేశారు. "మెస్యే, మీ చేతికి పని తెలుసు కదా, ఇది పట్టండి" అంటూ ఒక తూటా నా అరచేతిలో పెట్టారు.

నా చేతికి తెలిసిన పని మగ్గం. పాండిచ్చేరి ముత్తియాల్‌పేటలో మణికూండు (గడియార స్తంభం) వెనక వీధిలో పుట్టినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో ఫ్రెంచి. తాత నేతగాడు, నాన్న సొల్దా, అంటే ఫ్రెంచి సైన్యంలో సిపాయి. 1962 ఆగస్టు 16న పాండిచ్చేరిని భారతదేశానికి అప్పగించే ఒప్పందం అమల్లోకి వచ్చాక ఏ దేశపు పౌరులుగా ఉంటారో చెప్పమని ఆర్నెల్లు గడువిస్తే, నాన్న ఫ్రాన్స్ అని రాసిచ్చాడు. ఆ ఒక్క సంతకంతో నేను ఇక్కడికొచ్చి పడ్డాను. పారిస్ శివార్లలో ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉందామని సొలోన్‌కు వచ్చాను. ఓర్లెయాఁకి దక్షిణాన చెరువులూ అడవులూ నిండిన ప్రాంతం ఇది. వేట అంటే ఇక్కడివాళ్లకు మనకు సంక్రాంతి ఎంతో అంత.

మా చెల్లెలి కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "మామా, అక్కడ మామూలు రైతు ఇంట్లో కూడా తుపాకీ ఉంటుందంట, నిజమేనా? వంటింట్లో కూర్చుని తూటాలు నింపుకుంటారా?" నిజమే. ఇంగ్లీషువాళ్లు 1878లో ఆయుధాల చట్టం పెట్టి మన చేతుల్లోంచి తుపాకీ లాగేసుకున్నారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటకూ చెల్లుచీటీ ఇచ్చింది. ఆ రెంటి మధ్య పెరిగినవాడికి ఇది వింతే. వాడికి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తూటా సంగతి. ఇప్పుడందరూ వాడేది ప్లాస్టిక్ గొట్టం, పేల్చి పారేస్తారు. మా పెద్దాయన దగ్గరున్నవి నిండు ఇత్తడివి, వాళ్ల తాత నాటివి. ఇత్తడి తూటాను కడిగి, తుడిచి, మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. అడుగున నట్టనడుమ మినప్పప్పు బద్దంత గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాని మీద తుపాకీ సూది కొడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. దీన్ని ఫ్రెంచిలో అమోర్స్ అంటారు. దీపావళికి మన పిల్లలు బొమ్మ తుపాకీలో పెట్టి టప్‌టప్‌మని పేల్చే కేపులు గుర్తున్నాయా? ఇక్కడి పిల్లలకూ ఉన్నాయి, వాటి పేరూ అమోర్సే. ఆ మాట విన్నాక ఈ పని నాకు పరాయిది అనిపించలేదు. అందుకే దీన్ని నేను కేపు అనే అంటాను.

కాలిపోయిన కేపు ఊడిరాకుండా కొత్తది పెట్టలేం. పెద్దాయన సన్నటి ఉక్కు ఊచ, చిన్న సుత్తి ఇచ్చారు. తూటాలోకి పైనుంచి ఊచ దింపి ఒక్క దెబ్బ వేశాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా వేశాను. ఊచ కొన వంకరపోయింది. ఆయన నవ్వి, తూటాను దీపం కిందకు తిప్పి లోపల చూడమన్నారు. నడుమ రంధ్రం లేదు. అక్కడ కేపు వైపుకు పొడుచుకుని బియ్యపు గింజంత ఇత్తడి బొడిపె ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి, సూదిమొనంత రెండు బెజ్జాలు. నేను ఇంతసేపూ బొడిపె వీపు మీద కొడుతున్నానన్నమాట.

ఆ బొడిపె కంసాలి దాగలి లాంటిది. బయటినుంచి సూది కొట్టినప్పుడు కేపులోని మందు దాని మీద నలిగి మండుతుంది. తూటాకే దాగలి ఉండే ఈ రకం హైరమ్ బెర్డాన్ అనే అమెరికా సైనికాధికారిది. దాగలిని కేపులోనే పెట్టి తూటాకు నడిమధ్య ఒకే బెజ్జం వదిలిన రకం ఎడ్వర్డ్ బాక్సర్ అనే ఇంగ్లీషు సైనికాధికారిది. రెంటికీ పేటెంట్లు 1866లోనే. తమాషా ఏమిటంటే, అమెరికావాడి పద్ధతి యూరప్‌లో స్థిరపడింది, ఇంగ్లీషువాడిది అమెరికాలో. బాక్సర్ తూటా అయితే ఊచతో పొడిస్తే కేపు టక్కున ఊడిపోతుంది. అమెరికాలో ఇంటింటా తూటాలు నింపుకోవడం అంతగా పాకడానికి ఆ నడిమి బెజ్జం కూడా ఒక కారణమే. బెర్డాన్ తూటాతో మాత్రం కుస్తీ పట్టాలి.

ఆయన కుస్తీ చూడండి. తూటా నిండా నీళ్లు పోశారు. సరిగ్గా గొట్టంలో పట్టే కర్రముక్క ఒకటి పైన బిగించారు. కేపు కిందికి రాలడానికి బెజ్జం ఉన్న చెక్కదిమ్మ మీద నిలబెట్టి, కొయ్య సుత్తితో ఒక్కటిచ్చారు. ఫట్‌మని చప్పుడు, నా చొక్కా మీద నల్లటి నీళ్లు, దిమ్మ కింద గిన్నెలో టంగుమని కేపు. నీళ్లకు నలగడం తెలియదు కాబట్టి కర్ర దెబ్బంతా ఆ రెండు బెజ్జాల్లోంచి కేపు వీపు మీద పడుతుంది. "పాస్కల్" అన్నారు ఆయన, నీళ్లు తుడుచుకోమని తుండు ఇస్తూ. నీటి ఒత్తిడి సూత్రం చెప్పిన బ్లేజ్ పాస్కల్ ఆయన దృష్టిలో ఊరివాడే. పేలని కేపు ఉన్న తూటాను మాత్రం ఆయన ఈ దిమ్మ దగ్గరికి రానివ్వరు. దాన్ని వేరే డబ్బాలో పెట్టి తుపాకుల దుకాణానికి పట్టుకుపోతారు.

కేపు పుట్టిందీ వేటగాడి విసుగులోంచే. అంతకుముందు చెకుముకి తుపాకీలు. మీట నొక్కగానే ముందు బయట మెరుపు, తర్వాత గుండు. మెరుపు చూసి బాతు మునిగేది. స్కాట్లాండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే పాస్టరు గారికి బాతుల వేట పిచ్చి. దెబ్బ తగిలితే మండే మందుతో 1807లో పేటెంట్ తీసుకున్నారు. 1812లో పారిస్‌లో పౌలి అనే స్విస్ పనివాడు కేపు, మందు, రవ్వలు మూడూ ఒకే తూటాలో పెట్టి చూపించాడు. ఆ తర్వాత లెఫోషే, పొతే లాంటి ఫ్రెంచి తుపాకీ పనివాళ్లు దాన్ని సాపు చేసుకుంటూ వచ్చారు. ముత్తియాల్‌పేటలో నా చిన్నప్పుడు నక్కలవాళ్లు భుజాన పొడుగాటి తుపాకీ వేసుకుని కొంగల కోసం ఉప్పుటేరు వైపు పోయేవాళ్లు. వాళ్లు మందు, రవ్వలు మూతిలోంచి దట్టించేవాళ్లు. కేపు ఒక్కటే కొనుక్కునేది.

ఊడదీశాక తూటా కడగాలి. పాత కేపుల్లో పాదరసం ఉండేది. అది ఇత్తడిలోకి దిగి దాన్ని పెళుసు చేస్తుంది. ఆయన ప్రతి తూటానూ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటారు. మొద్దుగా పలికితే పక్కకు తోసేస్తారు. పొటాషు కేపులైతే లోపల ఉప్పు వదులుతాయి. కార్తీకంలో మన ఉప్పుజాడీ చెమర్చినట్టు ఆ ఉప్పు తేమ లాక్కుంటుంది. దాన్ని నూనె కరిగించదు, వేడినీళ్లే కావాలి. ఇక చిలుము. ఆయన వెనిగర్ వాడతారు. నేను ఇంట్లోంచి గుప్పెడు చింతపండు తెచ్చి నానబెట్టి రుద్దాను. మొదట అనుమానంగా చూశారు. తర్వాత మా అమ్మ దేవుడి కుందుల్లా మెరుస్తున్న తూటాను కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు.

ఆ చిలుము ఎక్కడిదో అప్పుడు చెప్పారు. 1940లో జర్మన్లు వచ్చి, తుపాకీలన్నీ తెచ్చి మునిసిపల్ ఆఫీసులో అప్పగించమన్నారు, దాచినవాడికి మరణశిక్ష అన్నారు. వాళ్ల తాత పాతదొకటి అప్పగించి, మంచిది మైనం గుడ్డలో చుట్టి, తూటాల డబ్బాతో సహా బంగాళాదుంపల మడిలో పూడ్చేశాడు. ప్రాణం మీదికి తెచ్చుకుని ఒక వేట తుపాకీ దాచడమేమిటని నేనడిగాను.

ఆయన చెప్పిన జవాబు ఫ్రెంచి విప్లవం నాటి 1789 ఆగస్టు 4 రాత్రి. రాజుల కాలంలో కుందేలు జమీందారుది, దుప్పి జమీందారుది, ఆయన గారి పావురాలు వచ్చి రైతు చల్లిన గింజలు తిన్నా ఒక్కటి కొట్టకూడదు. కొడితే జరిమానా, కొరడా, మళ్లీ మళ్లీ పట్టుబడితే ఓడల్లో తెడ్లేసే శిక్ష. ఆ ఏడు పల్లెల్లో కోటలు తగలబడుతుంటే, వెర్సాయ్‌లో సభ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు తమ హక్కులు వదులుకున్నారు. వేట హక్కు రద్దు చెయ్యాలన్నది షార్త్ర్ బిషప్పు. ఆయన మా వేట పోగొట్టాడు, నేను వాళ్ల దశమభాగం పోగొడతానంటూ ద్యుక్ ద్యు షాత్లే అనే ప్రభువు లేచి చర్చి పన్ను ఎత్తెయ్యమన్నాడట. ఎవరి సొమ్ము ఎవరు దానం చేశారో చూడండి! మొత్తానికి ఆ వారంలోనే పావురాల గూళ్ల హక్కు, వేట హక్కు రెండూ ఎగిరిపోయాయి. ఓటు కంటే ముందు ఇక్కడి రైతుకు దక్కింది కుందేలు. తాత మడిలో పూడ్చిపెట్టింది దాన్నే.

అంత ధారాళంగానూ మిగల్లేదనుకోండి. 1844 చట్టంతో పర్మిట్ వచ్చింది, 25 ఫ్రాంకులు. వేటాడే నేల నీదన్నా కావాలి, లేదా సొంతదారు ఒప్పుకోవాలి. నేల లేని కూలీ మళ్లీ దొంగవేటగాడే. ఇప్పటికీ సొలోన్‌లో పెద్ద పెద్ద అడవులు పారిస్ డబ్బున్నవాళ్లవే. మా పెద్దాయనకు ఆ మాటెత్తితే ఒళ్లు మంట.

ఇంకొకటి రైతు చేతికి అసలివ్వలేదు: మందు. కేపు, రవ్వలు, ఇత్తడి ఎవరైనా చెయ్యొచ్చు, మందు మాత్రం సర్కారే చెయ్యాలి. 1797లో చట్టంగా బిగించిన ఆ గుత్తాధిపత్యం 1970 దాకా పోలేదు. ఇక్కడే మన ఊరు వస్తుంది. మందుకు ప్రాణం సూరేకారం, మంచి సూరేకారం బీహారు నేలది. 1757లో బెంగాల్లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్, 1761 జనవరిలో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతిలో పడ్డాయి. సంధి తర్వాత ఊళ్లు తిరిగొచ్చాయి కానీ బెంగాలు సూరేకారం పగ్గాలు ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉండిపోయాయి. గతిలేక 1775లో ఆర్థిక మంత్రి తుర్గో మందు శాఖను సంస్కరించి, రసాయన శాస్త్రవేత్త లవ్వాజియేను దాని నిర్వాహకుల్లో ఒకరిగా పెట్టాడు. ఆయన సొంత నేలలోంచే సూరేకారం తీయించాడు. విప్లవం ఆయన తల 1794 మేలో నరికింది. ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆపలేదు, సూరేకారం కోసం జనాన్ని ఇళ్ల నేలమాళిగల గోడలు గీకమంది. బళ్లో మాకు లవ్వాజియే అంటే ప్రాణవాయువు అని చెప్పారు. ఆ కథ వెనక మన బీచి రోడ్డు ఉందని ఎవరూ చెప్పలేదు.

ఈ వంటింటి పనీ ఎన్నాళ్లో. చిత్తడి నేలల్లో సీసం రవ్వలు 2006లోనే నిషేధించారు. పర్మిట్ ఉన్నవాళ్లు దేశమంతా కలిపి పది లక్షల దాకా ఉంటారు, మా ఊళ్లో కుర్రవాళ్లెవరూ అందులో లేరు.

వచ్చే జూలైలో ముత్తియాల్‌పేట వస్తున్నాను. 13 రాత్రి, ఫ్రెంచి జాతీయ పండుగ ముందురోజు, మాజీ సొల్దాలు లాంతర్లు పట్టుకుని నడిచే ఊరేగింపులో నాన్న తరఫున నడవాలి. గుర్తుగా ఒక ఖాళీ తూటా పట్టుకెళ్లమన్నారు పెద్దాయన. చెన్నై ఎయిర్‌పోర్టులో పెట్టెలో అది కనబడితే నన్ను ఏ గదిలో కూర్చోబెడతారో వివరించాను. వంటింట్లో తాత తూటాలు కొట్టుకునే మనిషికి అది ఎంతకీ బుర్రకెక్కలేదు. చివరికి తూటా తీసి సొరుగులో పెట్టుకుని, వచ్చేటప్పుడు అరకిలో చింతపండు తెమ్మన్నారు, గింజ తీసింది.