లినరైట్: ధర్మాలు, వర్గీకరణ, తాడిపత్రి ముగ్గురాయి సిరల్లో అన్వేషణకు ఆధారాలు

కడప శిలాశ్రేణిలో సీసం ఉంది, రాగి కూడా ఉంది. కానీ ఎక్కువ చోట్ల రెండూ వేరు కాపురాలే. వినుకొండ ప్రాంతపు అగ్నిగుండాల ఖనిజ మండలంలో బండలమొట్టు సీసానికి, నల్లకొండ రాగికి పేరుపొందాయి. కడప జిల్లా జంగంరాజుపల్లె పాత గనులు సీసానివి, కర్నూలు వైపు గని, కలవ గ్రామాల పాత తవ్వకాలు రాగివి. ఈ రెండు లోహాలూ ఒకే స్ఫటికంలో ఇమిడిన ఖనిజాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి లినరైట్. అది ఏ వర్గానికి చెందుతుంది, దేన్ని బట్టి దాన్ని గుర్తుపట్టాలి, తాడిపత్రి పరిసరాల్లో వెతకదలచినవారు ఏ రాతిని ముందు చూడాలి అన్నవే ఈ వ్యాసంలో చర్చించే విషయాలు.

లినరైట్ సీసం, రాగి కలిసిన హైడ్రాక్సీ సల్ఫేటు. ఒక సీసపు పరమాణువుకు ఒక రాగి పరమాణువు, ఒక సల్ఫేటు, రెండు హైడ్రాక్సిల్‌లు దాని కూర్పు. ఆక్సైడ్ల లెక్కలో చూస్తే లెడ్ ఆక్సైడు 55.7 శాతం, కాపర్ ఆక్సైడు 19.8, సల్ఫర్ ట్రయాక్సైడు 20, నీరు 4.5 శాతం. బరువులో సగానికి పైగా సీసమే అయినా కంటికి కనిపించేది రాగి. ఆ గాఢమైన నీలం పూర్తిగా రాగి అయాను చలవే. సాపేక్ష సాంద్రత 5.3కు పైబడి ఉండటానికి, వక్రీభవన గుణకాలు 1.81 నుంచి 1.86 దాకా పోవడానికి, ముఖాలు దాదాపు వజ్రపు మెరుపు మెరవడానికి సీసం కారణం. కాఠిన్యం 2.5 మాత్రమే, రాగి నాణెంతో గీస్తే గీత పడుతుంది. స్ఫటిక వ్యవస్థ మోనోక్లినిక్. ఒక దిశలో చీలిక నిర్దుష్టంగా ఉంటుంది. పింగాణీ పలక మీద గీస్తే లేత నీలం చార పడుతుంది.

ఈ ఖనిజానికి ఆ పేరు 1839లో వచ్చింది. స్పెయిన్‌లోని లినారెస్ గనుల పేరు మీదుగా గ్లోకర్ పెట్టాడు. అంతకు ముందే, 1822లో, బ్రూక్ దీన్ని రాగితో కూడిన సీసపు సల్ఫేటుగా వర్ణించి ఉన్నాడు. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఏర్పడటానికి ఎంతో ముందు నుంచీ ప్రచారంలో ఉండటంతో పాత ఖనిజంగానే గుర్తింపు పొందింది. అంతర్నిర్మాణాన్ని 1961లో బాక్‌మాన్, త్సేమాన్ ఛేదించారు. రాగి చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చదరంగా అమరి, ఆ చదరాలు అంచులు కలుపుకుంటూ గొలుసులుగా సాగుతాయి. గొలుసుల నడుమ సీసం, సల్ఫేటు కూర్చుంటాయి. ఈ గొలుసులే ఇటీవలి భౌతికశాస్త్రజ్ఞులను ఆకర్షించాయి. పక్కపక్కన ఉన్న రాగి అయాన్ల మధ్య ఫెర్రో అయస్కాంత బలం, ఒకటి విడిచి ఒకదాని మధ్య దానికి ఎదురైన బలం పనిచేయడం వల్ల, 2.8 కెల్విన్‌కు దిగువన మాత్రమే అయస్కాంత క్రమం ఏర్పడుతుంది. గనుల తుక్కులో దొరికే నీలపు పలుకు క్వాంటం అయస్కాంతత్వపు ప్రయోగశాలలకు చేరడం ఈ ఖనిజ చరిత్రలో విచిత్రమైన మలుపు.

వర్గీకరణ విషయంలో స్ట్రుంజ్, డానా పద్ధతులు రెండూ ఋణాయానుకే పెద్దపీట వేస్తాయి. స్ట్రుంజ్ పట్టికలో లినరైట్ సంఖ్య 7.బీసీ.65. అంటే సల్ఫేట్ల తరగతి, అదనపు ఋణాయాన్లున్న నిర్జల సల్ఫేట్ల విభాగం. డానా పట్టికలో 30.2.3.1. సీసం, రాగి రెండూ ఉన్నాయి కదా అని బూర్నొనైట్‌ను దీని పక్కన కూర్చోబెడితే పొరపాటు. అది సీసం, రాగి, ఆంటిమొనీల సల్ఫోసాల్ట్. లోతున వేడి ద్రావణాల్లో పుట్టిన ప్రాథమిక ఖనిజం. లినరైట్ పుట్టేది నేల పైపొరలో, గాలీ నీరూ తగిలే ఆక్సీకరణ మండలంలో. మోట్రమైట్, డఫ్టైట్‌లలో కూడా సీసం, రాగి, హైడ్రాక్సిల్ ఉంటాయి. కానీ మొదటిది వనేడేటు, రెండోది ఆర్సెనేటు. కాలెడొనైట్ దగ్గరి చుట్టం. అందులో సల్ఫేటుతో పాటు కార్బొనేటు కూడా ఉంటుంది. ఋణాయాన్ని బట్టి చేసే విభజన సిద్ధాంతరీత్యా సరైనదే. అయితే క్షేత్రంలో తిరిగేవాడికి ఇది ఏ ఖనిజాల తోడుగా, ఏ స్థితిలో పుడుతుందన్నదే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. తాడిపత్రి ప్రశ్నకు జవాబు వెతకాల్సింది అక్కడే.

పుట్టుక ఇలా జరుగుతుంది. సీసపు సల్ఫైడైన గెలీనా గాలి తగిలి యాంగ్లిసైట్ అవుతుంది, అంటే సీసపు సల్ఫేటు. పక్కనే ఉన్న రాగి ఖనిజం చాల్కోపైరైట్ కుళ్లి రాగిని నీటిలోకి వదులుతుంది. ఆ రాగి నీరు యాంగ్లిసైట్‌ను తాకితే లినరైట్ ఏర్పడి, ఒక్కో అణువుకు రెండు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. ఆ ఆమ్లాన్ని ఎవరో ఒకరు పీల్చుకోకపోతే చర్య ముందుకు సాగదు. మరీ ఎక్కువగా పీల్చుకునే రాయి ఉన్నా చిక్కే. డోలమైట్, సున్నపురాయి కరిగి కార్బొనేటును దండిగా అందిస్తే సీసం సెరుసైట్‌గా, రాగి మలకైట్‌గా, అజురైట్‌గా విడివిడిగా స్థిరపడతాయి. ఆమ్లానికి కొంచెం విరుగుడు కావాలి, కార్బొనేటు మాత్రం వరదలా రాకూడదు. లినారెస్ సిరలు గ్రానైట్‌ను కోసుకుంటూ పోతాయి. ఈ ఖనిజానికి పేరొందిన స్కాట్లాండ్ లెడ్‌హిల్స్‌లో చుట్టూ ఉన్నది గ్రేవాక్ ఇసుకరాయి. రెండు చోట్లా సున్నపురాయి లేకపోవడం యాదృచ్ఛికం కాదు. బండలమొట్టులో గెలీనాకు ఇల్లు డోలమైట్ కావడాన్ని బట్టి అక్కడ సెరుసైట్‌ను ఎదురుచూడాలి గానీ లినరైట్‌ను కాదు.

అలాంటప్పుడు తాడిపత్రి సంగతేమిటి? ఊరి పేరే ఒక శిలాసమూహానికి పెట్టారు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణులను వర్ణించినప్పటి నుంచీ తాడిపత్రి షేలు భూగర్భశాస్త్రంలో స్థిరపడిన పేరు. ఈనాటి విభజనలో అది చిత్రావతి సమూహంలో పులివెందుల క్వార్ట్‌జైట్ పైన, గండికోట క్వార్ట్‌జైట్ కింద వస్తుంది. షేలు, డోలమైట్, అగ్నిపర్వత బూడిదరాళ్ల పొరల మధ్యకు డోలరైట్ వంటి నల్లరాళ్లు చొరబడ్డాయి. పులివెందుల దగ్గరి అలాంటి ఒక పలక వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లని నిర్ధారించారు. చిత్రావతి సమూహానికి కింద ఉన్న వేంపల్లె డోలమైట్‌లో, దాన్ని చీల్చుకొచ్చిన నల్లరాళ్లలో ముగ్గురాయి (బెరైట్) సిరలున్నాయి. ముచ్చుకోట వాటిలో పేరున్న చోటు. కూల్సన్ 1933లో దత్తమండలాల ముగ్గురాయి మీద ప్రత్యేక గ్రంథమే వెలువరించాడు. మంగంపేట ముగ్గురాయి పొరలుగా పేరుకున్న నిక్షేపం. తాడిపత్రి పక్కవి సిరలు. ఈ తేడా మన ప్రశ్నకు కీలకం.

డోలమైట్ ప్రాంతం కనుక ఇక్కడ లినరైట్ మాట ఎత్తక్కర్లేదని కొట్టిపారేసేవారికి న్యూ మెక్సికోలోని బ్లాంచర్డ్ గని సమాధానం చెబుతుంది. అది కూడా ఎండు ప్రాంతమే, చుట్టూ సున్నపురాయే. అయినా గెలీనా, ముగ్గురాయి, ఫ్లోరైట్ కలిసిన సిరల సందుల్లో మంచి నీలపు లినరైట్ స్ఫటికాలు దొరికాయి. చుట్టూ ఉన్న పర్వతం ఏ రాయి అన్నది కాక, ఆమ్లపు నీటి చుక్క ఏ రాతిని తాకుతూ జారిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ముగ్గురాయి ఆమ్లానికి చలించదు, క్వార్ట్జ్ కూడా అంతే. సిర మధ్యలోని చిన్న కుహరానికి అవి రెండూ గోడలుగా నిలిస్తే బయటి కార్బొనేటు త్వరగా లోపలికి రాదు. దీన్నిబట్టి తాడిపత్రి చుట్టుపక్కల వెతుకులాటకు ఒక క్రమం ఏర్పడుతుంది. నల్లరాయిని కోసుకుపోయే సిరలు మొదట, డోలమైట్‌లో ఉన్నా మధ్యభాగం వెడల్పుగా, క్వార్ట్జ్‌తో గట్టిపడిన సిరలు ఆ తరువాత, డోలమైట్ గోడకు అంటిన పలచటి సిరలు చివర. గెలీనా మచ్చ, రాగి పచ్చదనం ఒకే రాయి మీద కనిపించని చోట సమయం వృథా చేయనక్కర్లేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో ఆక్సీకరణ మండలం త్వరగా కొట్టుకుపోదు. ఆ మేరకు కరువు ఖనిజశాస్త్రానికి కలిసొచ్చింది.

గుర్తింపులో అసలు పోటీ అజురైట్‌తోనే. నీలం మరక కనబడగానే అజురైట్ అని చీటీ రాసిపెట్టే అలవాటు మ్యూజియంలను కూడా వదల్లేదు. సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే అజురైట్ పొంగుతుంది. లినరైట్ పొంగదు, కాసేపటికి దాని పైన తెల్లటి పూత వస్తుంది. అది సీసపు క్లోరైడు. అయితే మన సిరల నుంచి తెచ్చిన రాయికి డోలమైట్ పొడి అంటుకుని ఉంటే, పొంగేది ఆ పొడే అయినా అజురైట్ అనిపించి మోసం చేస్తుంది. నీలపు పలుకును విడదీసి, కడిగి, సూక్ష్మదర్శిని కింద చుక్క వేయాలి. బరువు కూడా సాయపడుతుంది: అజురైట్ సాంద్రత 3.8కి కాస్త తక్కువ, ముగ్గురాయిది 4.5, లినరైట్‌ది 5.3కు పైన. ప్రయోగశాలలో రామన్ వర్ణపటం తీస్తే సల్ఫేటు గీత సెంటీమీటరుకు సుమారు 970 తరంగ సంఖ్య దగ్గర నిలుస్తుంది. కార్బొనేటు గీత అంతకు ఎంతో పైన ఉంటుంది. తుది మాట ఎక్స్‌కిరణ వివర్తనానిదే. సీసపు లవణం కనుక చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు.

తాడిపత్రి చుట్టుపక్కల ముగ్గురాయి మరలలో చమురు బావుల తవ్వకానికి రాయిని పొడి చేస్తారు. అక్కడ చూసేది ముఖ్యంగా సాంద్రతనే కనుక బరువైన సీసపు పలుకును ఏరి పక్కన పెడతారని ఆశించలేం. రాయి మరలోకి పోకముందు, గని దిబ్బ మీద ఉన్నప్పుడే నమూనా తీయాలి. ఏ సిర, ఎంత లోతు, ఏ గోడ పక్కన అన్నది రాసి ఉంచని నమూనా నీలంగా ఉన్నా పైన చెప్పిన వాదనను పరీక్షించడానికి పనికిరాదు.